ఇల్లు పడగొట్టే ముందు దాదిని ఒక్క మాట అడుగుదాం

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మన గ్రూపులో స్కాలర్‌షిప్పుల గురించి, హాస్టళ్ల గురించి, నోటిఫికేషన్ల గురించి రోజూ మాట్లాడుకుంటాం. ఈసారి మన ఇళ్ల గురించి మాట్లాడదామని రాస్తున్నా. సంక్రాంతికి ఇంటికెళ్లి వచ్చినప్పటి నుంచి ఇదే మనసులో తిరుగుతోంది.

మాది పల్నాడు, వెల్దుర్తి వైపు ఒక తండా. భోగి రోజు పొద్దున మా భియా ఫోన్‌లో ఒక ప్లాన్ చూపించాడు. రెండు బెడ్‌రూములు, హాలు, ముందు స్టీలు రెయిలింగు. "జేసీబీ అతనితో మాట్లాడినా. గంట పని. పొద్దున మొదలుపెడితే టిఫిన్ టైముకి నేలమట్టం" అన్నాడు. మా బా ఏం మాట్లాడలేదు. దాది అరుగు మీద కూర్చొని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఆమె చేతులు ఆగిపోయినయి. "అప్పటిదాకా నేను యాడుండాలి రా?" అంది. మా ఎవ్వరి దగ్గరా జవాబు లేదు.

ఆ ఇల్లు గురించి చెప్తా. గొప్ప ఇల్లేం కాదు. రెండు గదులు, ముందు పంచ, పంచకి రెండు పక్కలా అరుగులు. గోడలు రాయీ బంకమట్టీ పెట్టి కట్టినవి, మూరెడు మందం. పైన దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద నాపరాళ్లు, ఆ పైన మట్టి, సున్నం. నాగార్జునసాగర్ కాలువలకి 1967 ఆగస్టులో నీళ్లు వదిలిన తర్వాత మా దాదా కూలి పనులకి పోయి, నాలుగు రూకలు కూడబెట్టి కట్టాడంట. నాపరాళ్లు ఎద్దుల బండి మీద తెచ్చారు. దూలాలు ఒక పాత ఇంటివి కొన్నారు. గోడలకి మట్టి తొక్కింది దాదే. అప్పుడు ఆమె కడుపులో మా పెద్దత్త ఉందంట.

ఒక్క విషయం ఆలోచించండి. మన ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగినోళ్లు. ఇల్లంటే గుడారమే. పొద్దున లేస్తే అదీ మూట కట్టాల్సిందే. రైళ్లొచ్చాక ఆ బతుకు పోయింది. తర్వాత కూలీ, అడవి అంచున నాలుగు చెక్కల పొలం, ఎవరో ఒకరు వచ్చి లేచి పొమ్మనడం. అట్లాంటి మనుషుల్లో ఒకాయన మొదటిసారి కదలని గోడ ఒకటి కట్టుకున్నాడు. మా వంశంలో కదలకుండా నిలబడిన మొదటి వస్తువు ఆ ఇల్లు. 1987లో పత్తికి తెల్లదోమ తగిలి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ప్రాణాలు తీసుకున్న ఏడాది కూడా మా వాళ్లు ఆ కప్పు కిందే బతికారు. బా చదివింది, అత్తల పెళ్లిళ్లు జరిగింది, నేను పుట్టింది అక్కడే.

భియాది తప్పని నేననడం లేదు. అతని మాట కూడా వినాలి. మొన్న చెల్లికి సంబంధం చూడడానికి వచ్చినోళ్లు పంచలో కూర్చొని పైకి చూశారు. దంతెల సందులోంచి మట్టి రాలింది. వాళ్లేమీ అనలేదు కానీ భియాకి తల తీసేసినట్టయింది. వానాకాలం రెండు చోట్ల కారుతుంది, గిన్నెలు పెట్టుకుంటాం. గోడ అడుగున చెమ్మ. లోపలి గదిలో పగలు కూడా లైటెయ్యాలి. పోయినేడాది పొయ్యి దగ్గరికి పామొచ్చింది. బాత్రూం లేదు. మా యాడి ముప్పై ఏళ్లుగా ప్రతి పండక్కీ ఆ గోడలు అలుకుతూనే ఉంది, నడుం పోయింది. "పాత ఇల్లు ఎంత బాగుందో" అని ఫోటో తీసి స్టేటస్ పెట్టుకునేది టౌన్‌లో ఉండే నాలాంటోళ్లు. అలికేది యాడి. ఈ సంగతి మర్చిపోయి పాత ఇళ్ల గొప్పతనం చెప్తే అది మోసమే.

అందుకే నా మాట "ఉన్నదున్నట్టు ఉంచుదాం" అని కాదు. కారే కప్పు, చీకటి గది, బాత్రూం లేకపోవడం ఇవన్నీ పోవాలి. కానీ వాటిని పోగొట్టడానికి ఇల్లంతా పోగొట్టాల్సిన పని లేదు. పడగొట్టడం మొదటి పని కాకూడదు, చిట్టచివరి పని కావాలి.

ఎందుకంటే పడగొట్టినాక ఏమవుతుందో మా తండాలోనే చూశా. మాకు కాకా వరసయ్యే ఒకాయన మిర్చికి మంచి ధర ఉన్న ఏడాది పాత ఇల్లు తీసేసి కొత్తది మొదలుపెట్టాడు. క్వింటా 20 వేలు దాటి అమ్మిన రోజులవి. పునాది, పిల్లర్లు లేచినయి. తర్వాత ధర పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించింది, ఆ ఏడు మిర్చి రైతు పరిస్థితి ఏందో ఆ అంకెలోనే తెలుస్తుంది. కాకా వాళ్ల పిల్లర్లకి ఇనప చువ్వలు ఇప్పటికీ ఆకాశంలోకి చూస్తున్నయి. వాళ్లు పక్కన టార్పాలిన్ కింద ఉంటున్నారు. చేతిలో ఉన్న ఇల్లు పోయింది, చేతికి రావాల్సిన ఇల్లు రాలేదు. మిర్చి, పత్తి మీద బతికేవాడు తొమ్మిది లక్షల ఇంటికి పునాది తీయడమంటే వచ్చే మూడేళ్ల ధరల మీద పందెం కాయడమే. అదే ఇంటిని ఏడాదికొక పని చొప్పున బాగుచేసుకుంటే, ధర పడిన ఏడాది పని ఆగుతుందంతే, తల మీద కప్పు పోదు.

ఇంకో విషయం. మన పెద్దోళ్లు చదువుకోలేదు కానీ నేల చదివారు. మా పాత తండా మొరం దిబ్బ మీద ఉంది. చుట్టూ నల్లరేగడి. అది పత్తికి బంగారం, ఇంటికి శత్రువు. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. దాని మీద పైపైన పునాదేసి సిమెంటు గోడ కడితే రెండు మూడేళ్లకి కిటికీ మూలల నుంచి అడ్డంగా పగుళ్లొస్తాయి. నల్లరేగడిలో కట్టాలంటే ఆ మట్టి తీసేసి గ్రావెల్ నింపాలి, లేదంటే లోతుగా పైల్స్ వెయ్యాలి. దానికయ్యే ఖర్చు ఎవ్వరూ ముందు చెప్పరు. మా దాదాకి ఇంజనీరింగ్ తెలీదు. పంట పండే చోట ఇల్లు కట్టకూడదని, ఇల్లు కట్టే చోట పంట పండదని మాత్రం తెలుసు. మన పాత ఇళ్ల మొదటి విలువ గోడల్లో కాదు, అవి నిలబడిన చోటులో ఉంది.

రెండోది ఎండ. ఎండాకాలం వార్తల్లో రెంటచింతల పేరు ఎప్పుడూ వినపడుతుంది కదా, అది మాకు దూరం కాదు. ఐదంగుళాల స్లాబు పగలంతా కాగి రాత్రంతా ఆ వేడి కిందికి దింపుతుంది. స్లాబు ఇళ్లలో ఉన్నోళ్లు మే నెలలో రాత్రి మంచాలు ఎక్కడ వేసుకుంటారో మీకు తెలుసు. మూరెడు మందం మట్టిగోడ, మట్టి కప్పు ఆ వేడిని తొందరగా లోపలికి రానివ్వవు. మా తండాలో స్లాబు ఇళ్లోళ్లు మధ్యాహ్నం మా అరుగు మీదకే వస్తారు. పడగొట్టాలని ప్లాన్ గీయించిన మా భియా కూడా ఆ అరుగు మీదే నిద్రపోతాడు.

అరుగు గురించి కూడా చెప్పాలి. కాయలు కల్లంలో ఆరబోసినప్పుడు కావలి కాసేది అక్కడి నుంచే. సాయంత్రం ఎదురింటోళ్లతో మాటలు అక్కడే. తీజ్ వచ్చినప్పుడు ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టలకి నీళ్లు పోసి, పాటలు పాడి అలసిపోయి కూర్చునేది అక్కడే. కొత్త ప్లాన్‌లో అరుగు లేదు, రెయిలింగు ఉంది. రెయిలింగు మీద ఎవరు కూర్చుంటారు?

మన వైపు నుంచే ఒక ఉదాహరణ చెప్తా. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు నాగార్జునకొండ లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపారు. బయటపడిన స్తూపాలు, విహారాల్లో ముఖ్యమైనవాటిని కొండ మీదికీ, ఇటు అనుపు దగ్గరికీ తెచ్చి మళ్లీ కట్టారు. చాలా మంచి పని. స్కూలు నుంచి టూరుకి తీసుకెళ్తే మనమూ చూసొచ్చాం. అదే నీళ్లలో మామూలు మనుషుల ఊళ్లూ మునిగినయి. ఆ ఇళ్ల గోడ ఒక్కటైనా ఎవరైనా తెచ్చి నిలబెట్టారా? రాజు కట్టింది చరిత్ర, కూలోడు కట్టుకుంది గుడిసె. ఈ లెక్క వాళ్లు నేర్పారు, మనం నేర్చేసుకున్నాం.

ఇంకా విడ్డూరం ఏందంటే, భోపాల్‌లో ఇందిరా గాంధీ రాష్ట్రీయ మానవ్ సంగ్రహాలయ్ అని పెద్ద మ్యూజియం ఉంది. అక్కడ దేశంలోని ఆదివాసీల ఇళ్లు ఆరుబయట నిజమైన సైజులో కట్టించి పెట్టారు. కట్టింది ఆయా తెగల మనుషులే. మన అరకు మ్యూజియంలో కూడా గిరిజనుల ఇంటి జీవితం బొమ్మలు పెట్టి చూపిస్తారు. రేపు మన పిల్లలు అక్కడికి వెళ్లి "మన తాతల ఇల్లు ఇట్లా ఉండేదంట" అని సెల్ఫీ దిగుతారు. ఇంటి దగ్గర ఉన్న అసలుదాన్ని మాత్రం గంటలో జేసీబీతో తీయించేస్తాం.

ఇక్కడ కొందరు అన్నలు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఊళ్లో పెద్ద కులాలోళ్లు డాబాలు కట్టుకున్నారు. మనం మాత్రం మట్టిలోనే ఉండాలా? ఇది మనల్ని వెనకే ఉంచే మాట కాదా?" న్యాయమైన ప్రశ్న. దానికి నా జవాబు ఇది. ఎవరైనా బయటివాడు వచ్చి "మీరు గుడిసెల్లోనే అందంగా ఉంటారు" అంటే వాణ్ణి నమ్మొద్దు. కానీ "మీ ఇంట్లో పనికొచ్చేది ఏదీ లేదు" అనేవాణ్ణి కూడా నమ్మొద్దు. రెండూ మనల్ని తక్కువ చేసే మాటలే. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అనేది ఆ ఇంట్లో ఉండేవాళ్లు, ముఖ్యంగా అలికే ఆడవాళ్లు తేల్చాలి. యాడికి నేల అలకడం కష్టమైతే నాపరాయి పరుద్దాం. మన దగ్గర దొరికే రాయే అది. అది పరిస్తే ఇంటి స్వభావం ఎక్కడికీ పోదు. అరుగు తీసేస్తే పోతుంది.

అందరి పరిస్థితీ ఒకటి కాదని కూడా తెలుసు. నిలబెట్టుకోవడానికి ఇల్లే లేనోళ్లు మనలో ఎంతమందో. చెరువు కట్ట మీద, కాలువ గట్టు మీద తాటాకు గుడిసెల్లో ఉండే యానాది కుటుంబాలకి ముందు పట్టా ఉన్న జాగా, గట్టి ఇల్లు కావాలి. వాళ్లకి వారసత్వం గురించి చెప్పడం సిగ్గుచేటు. యర్రగొండపాలెం, దోర్నాల వైపు చెంచు గూడేలకి 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద ఇంటికి 2 లక్షలు వస్తోంది. రావాల్సిందే. కానీ చుట్టిల్లు కట్టుకునే చెంచుని "నీకు ఎట్లాంటి ఇల్లు కావాలి" అని అడగకుండా, ఒకే చదరపు డబ్బా గీసి అందరికీ ఇవ్వడం న్యాయమా? గుజరాత్ కచ్ఛ్‌లో 2001 జనవరి భూకంపం వచ్చినప్పుడు గుండ్రంగా కట్టిన మట్టి భుంగాలు చాలా వరకు నిలబడ్డయి. గుండ్రం అంటే వెనకబాటు కాదు. ఇక ఎరుకల తమ్ముళ్లకి ఇల్లంటే ఇంకో కథ. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, నేరస్థ తెగల చట్టం కింద జనాన్ని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు. అక్కడ పాత గోడల్ని ఉంచాలా, మర్చిపోవాలా అనేది వాళ్లే చెప్పాలి, మనం కాదు.

నేను చెప్పేది నిలబడి ఉన్న ఇల్లు ఉన్నోళ్లకి. మాచర్లలో పాత పనులు తెలిసిన ఒక మేస్త్రిని తీసుకొచ్చి మా ఇల్లు చూపించాం. ఆయన చెప్పినవి మీకూ పనికొస్తాయని రాస్తున్నా.

మొదట కప్పు. కారిన ప్రతిసారీ పైన ఇంకో తట్ట మట్టి పోస్తాం. అట్లా యాభై ఏళ్లు పోసి పోసి బరువు పెరిగి దూలాలు వంగుతాయి. పాత మట్టంతా దించాలి. దూలాల చివర్లు గోడలో కూర్చునే చోట చెదపట్టిందేమో కత్తి మొనతో గుచ్చి చూడాలి. పుచ్చినవి మాత్రమే మార్చాలి. నాపరాళ్లు సర్ది, సందుల్లో సున్నం, సుర్కీ దట్టించి, నీళ్లు ఒకవైపు జారేట్టు వాలు పెట్టాలి.

తర్వాత గోడ. మనం చేసే పెద్ద తప్పు మట్టిగోడకి సిమెంటు ప్లాస్టరింగు. చూడ్డానికి పక్కా ఇల్లులా ఉంటది. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, గోడ లోపల్నుంచి మెత్తబడుతుంది. కొన్నాళ్లకి సిమెంటు పెచ్చులూడుతుంది, దాంతో పాటు మట్టీ వస్తుంది. మట్టిగోడకి మట్టి పూత గానీ సున్నం పూత గానీ వెయ్యాలి. సున్నానికి మనం ఎక్కడికీ పోనక్కర్లేదు, పిడుగురాళ్ల పక్కనే ఉంది. సున్నం బాగా వేస్తే ప్రతి పండక్కీ అలికే పని యాడికి తప్పుతుంది.

గోడ అడుగున చెమ్మకి మందు గోడలో లేదు, బయట ఉంది. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా రాయి పరిచి, కాలువ తీసి దూరంగా పంపాలి. కొత్త కిటికీ కావాలంటే మూలకి దూరంగా, ముందు పైన రాతి కమ్మీ దూర్చి ఆ తర్వాతే కింద గోడ తియ్యాలి. కరెంటు వైర్లు గోడ తవ్వి కాకుండా పైపుల్లో బయట నుంచి తియ్యాలి. బాత్రూం, నీళ్ల పైపులు పాత గోడకి ఆనించనే కూడదు. విడిగా, రెండు గుంతల మరుగుదొడ్డితో పక్కన కట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పాత గోడల మీద స్లాబు ఎక్కించొద్దు. ఆ బరువు వాటికి అలవాటు లేదు. స్లాబు గది కావాలంటే పక్కన దాని పునాది మీద దాన్ని కట్టుకోవాలి.

ఇవన్నీ లెక్కేస్తే బాత్రూంతో కలిపి రెండున్నర లక్షల దగ్గర తేలింది. భియా ప్లాన్ తొమ్మిది లక్షలు, అందులో సగం పైన నూటికి రెండు రూపాయల వడ్డీకి.

అయితే ఇక్కడే ప్రభుత్వం దగ్గర చిక్కు. 2016 నుంచి ఉన్న ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో మైదాన ప్రాంతానికి 1.20 లక్షలు, కనీసం 25 చదరపు మీటర్ల కొత్త ఇల్లు. కొత్త ఇంటికే డబ్బు, పాత కప్పు బాగుచేసుకోవడానికి కాదు. అంతకుముందు ఇందిరా ఆవాస్ యోజనలో కచ్చా ఇళ్లు బాగుచేసుకోవడానికి కూడా కొంత భాగం ఉండేది. ఇప్పుడు మట్టిగోడ అంటే కాగితం మీద కచ్చా, కచ్చా అంటే పోవాల్సిందే. మన సంఘాలు కలెక్టరేట్ ముందు ధర్నాలకి వెళ్లినప్పుడు ఇచ్చే కాగితంలో ఈ ఒక్క డిమాండు కూడా చేర్చాలని నా మనవి: నిలబడి ఉన్న ఇంటికి మరమ్మతు డబ్బు, పక్కన గది కలుపుకోవడానికి డబ్బు, సున్నం, రాయి పని తెలిసిన మేస్త్రీల దగ్గర మన కుర్రాళ్లకి శిక్షణ. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ చేసి ఖాళీగా ఉన్న తమ్ముళ్లు ఎంతమంది! ఈ పని తెలిసిన ముసలి మేస్త్రీలు ఇంకో పదేళ్లు ఉంటారో లేదో.

చివరికి మా ఇంట్లో ఏం తేలిందో చెప్తా. గొడవ పూర్తిగా తీరలేదు. ఈ ఎండాకాలం వానల్లోపు కప్పు దించి బాగుచేస్తాం. బాత్రూం కడతాం. భియాకి పెళ్లయ్యాక పక్కన ఒక స్లాబు గది, అరుగుకి అడ్డం రాకుండా. భియా ఒక షరతు పెట్టాడు: "రెండు వానాకాలాలు చూస్తా. కారిందా, జేసీబీయే." సరేనన్నా. ఇప్పుడు మేస్త్రి కంటే నాకే భయంగా ఉంది.

దాది ఏమందో తెలుసా? "కప్పు మార్చుకోండి, గోడ మార్చుకోండి. నేను తొక్కిన మట్టి నా కళ్ల ముందు జేసీబీ ఎత్తుకుపోకూడదు, అంతే" అంది. ఇంటి స్వభావం అంటే ఏందని ఎవరైనా అడిగితే నేను ఈ మాటే చెప్తా.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీ దాదినో, నాయనమ్మనో, అవ్వనో పక్కన కూర్చోబెట్టుకొని అడగండి. ఈ రాయి ఎక్కడిది, ఈ దూలం ఎవరిది, మట్టి ఎవరు తొక్కారు అని. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆ తర్వాత కూడా పడగొట్టాలనిపిస్తే పడగొట్టండి, నేనేమీ అనను. అడగకుండా మాత్రం జేసీబీకి ఫోన్ చెయ్యొద్దు.

జై సేవాలాల్.